మిద్దె మీది హమాలీ

మారతహళ్లిలో మా లేడీస్ పీజీ.
ఇరవై రెండు గదులు, ఇరవై రెండు గీజర్లు,
అరవై ఒక్క తల.
డిసెంబరు కరెంటు బిల్లు వచ్చిన రోజు
మంచం మీద కూర్చుని చదివాను.
నిలబడి చదివే బిల్లు కాదది.

జబీవుల్లా వచ్చాడు, హిందూపురం పిల్లోడు.
మిద్దె మీద, నీళ్ల ట్యాంకుల పక్కన
బీరువా అంత పెట్టె దింపించాడు.
తొంగి చూశాను.
ఎర్రగా కాలే కాయిల్ లేదు. నిప్పు లేదు.
ఒక ఫ్యాను, రాగి గొట్టాల చుట్టలు,
నల్లటి కుండలాంటిదొకటి.
"దీంట్లో పొయ్యేదిరా?" అన్నాను.

"పొయ్యి లేదక్కా.
గీజరు వేడి పుట్టిస్తాది.
ఇది మోస్తాది, అంతే.
యశవంతపురం మండీలో హమాలీ
వడ్లు పండిస్తాడా?
లారీలో మూట గోడౌన్లో వేస్తాడు.
మనమిచ్చేది మోత కూలి,
బియ్యం ధర కాదు.
ఒక యూనిట్ కరెంటు దీని కూలి.
గాలిలోంచి రెండు యూనిట్ల వేడి ఎత్తుకొస్తాది,
తిన్న కూలి కూడా మూటలోనే కలిపి
మూడు చేసి నీళ్లలో దించుతాది."

శాలువా బిగించాను.
పొద్దున ఆరు. పద్నాలుగు డిగ్రీలు.
నోరు తెరిస్తే పొగ.
ఈ గాలిలో వేడెక్కడుంది, ఎత్తుకురావడానికి?

"చలి మనకక్కా.
గొట్టంలో గ్యాసుకి
మన డిసెంబరే రోహిణి కార్తె.
ఈ గాలి తగిలితే చాలు, మరిగి ఆవిరైపోతాది.
సూదికి ముందు నర్సమ్మ రాసే స్పిరిట్ లేదా,
నీ చేతి వేడి తాగి ఎగిరిపోయి
చర్మాన్ని జిల్లుమనిపిస్తాది చూడు, అదే.
ఆ ఆవిరిని నల్లకుండ పట్టి నొక్కుతాది.
సైకిల్‌కి గాలి కొడితే పంపు అడుగు కాలదా?
అట్లా కాలిపోతా పోయి
నీళ్ల గొట్టాన్ని వాటేసుకుని
మోసుకొచ్చిందంతా దించేస్తాది.
దించి, చెమ్మై, సన్నటి సందులో దూరి,
చల్లబడి,
ఖాళీ భుజంతో మళ్లా గాలి కాడికి."

పోతూ పోతూ మెట్ల మీద ఆగి అన్నాడు:
"సలసల కాగాలని అడగొద్దక్కా. యాభై చాలు.
ఎంత ఎత్తు ఎక్కిస్తే అంత కూలి."

జనవరి మొదటి సోమవారం
ఆరున్నరకల్లా ట్యాంకు ఖాళీ.
మూడో అంతస్తు ప్రసూన
షాంపూ నురగ తలతో దిగొచ్చింది.
"ఆంటీ, మీ హమాలీ స్ట్రైక్ చేశాడు."
నిజమే. గీజరులా పదినిమిషాల్లో ఉరకలేడు వీడు.
తీరిగ్గా, రాత్రంతా, ఒక్కో మూట.
అందుకని ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికే స్విచ్ వేస్తాం.
గాలి వెచ్చగా ఉన్నప్పుడు
మూట కింద నుంచి ఎత్తక్కర్లేదు,
నడుము ఎత్తులోనే దొరుకుతుంది.

వంట ఓబులమ్మకు ఇదంతా చెప్పలేదు ఎవరూ.
ఆమె తనంతట కనిపెట్టింది,
పెట్టె ఇటువైపు చల్లగాలి ఊదుతుందని.
కొత్తిమీర కట్టలు తడిగుడ్డలో చుట్టి అక్కడ పెట్టింది,
తర్వాత మల్లెమొగ్గలు,
ఏప్రిల్లో తనే గోనె పరుచుకుంది.
"ఏసీ మిషనే కదమ్మా, తిరగేసి పెట్టినారు" అంది.
జబీవుల్లా గంటసేపు చెప్పింది
ఇదే కదా.

నిన్న సాయంత్రం మిద్దె ఎక్కాను.
ఎదురుగా పదకొండు అంతస్తుల గాజు బిల్డింగు,
వెనక వైపంతా ఏసీ డబ్బాలు,
లోపలి వేడిని వీధిలోకి నెడుతూ.
ప్రసూన కూర్చునేది ఏడో అంతస్తులో.
ఆమె ఒంటి వేడి, కంప్యూటర్ వేడి,
మీటింగుల్లో మొహాలు ఎర్రబడిన వేడి,
బయటపడి, సిగ్నల్లో ఆగిన బస్సుల వేడిలో కలిసి
రోడ్డు దాటి
ఎంతో కొంత మా మిద్దె దాకా రాదా?
వస్తే మావాడు వదలడు.
పొద్దున్నే ఆ పిల్ల దాన్నే
రెండు బక్కెట్లు తలకు పోసుకుని
తడిజుట్టుతో మళ్లీ అక్కడికే పోతుంది.

తువ్వాలు మాత్రం
చల్లగాలి ముందే ఆరేస్తుంది.
అక్కడ ఆరదే అంటే వినదు.